మన్ను రంగా, హాస్టల్ రంగా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకొని చదవండి. ఈసారి నోటిఫికేషన్ గురించి కాదు, ధర్నా గురించీ కాదు. ఒక గదికి వెయ్యాల్సిన రంగు గురించి. నవ్వకండి. ఆ రంగు మీద మా గూడలో పదిహేను రోజులు మాటలు నడిచాయి. మాలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఒక ముసలాయన మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు, దానికి ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాం.

మాది సీతంపేట కొండల్లో ఒక సవర గూడ. పాత లెక్కలో శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. ముప్పై గడపకి మించదు. గూడ మొదట్లో ఒక సిమెంటు గది ఉంది. ఎప్పుడు కట్టారో, దేనికి కట్టారో అడిగితే పెద్దోళ్ళు తలో మాట చెప్తారు. మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అందులో జీడిపిక్కల బస్తాలు, కొండచీపురు కట్టలు, ఒక విరిగిన కాటా ఉండేవి. స్లాబు కారదు, అదొక్కటే దాని గొప్ప. ఈ ఏడాది పెద్దలు ఆ గదిని చదువుకోడానికని మాకు ఇచ్చారు. మేము ఏడుగురం. ఇద్దరు డిగ్రీ, ఇద్దరు ఇంటర్, ఒకరు బీఈడీ చేసి డీఎస్సీకి చదువుతున్నారు, ఒకమ్మాయి నర్సింగు, ఒకడు టెన్త్ దగ్గర ఆగిపోయి మళ్ళీ ఓపెన్‌లో కడతానంటున్నాడు. సాయంత్రం పూట చిన్నపిల్లలు ఒక పన్నెండు మంది వస్తారు, కొందరు చదవడానికి, కొందరు లైటు చూడ్డానికి.

జీడి సీజనులో పిక్కలు ఏరిన డబ్బుల్లోంచి తలా 700 వేసుకున్నాం. మొత్తం 4,900. గది 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. చుట్టూ గోడలు కలిపి 540 చదరపు అడుగులు. తలుపు, రెండు కిటికీలు తీసేస్తే 500. లీటరు రంగు రెండు కోట్లకి 50 అడుగులు వస్తే గొప్పే. అంటే పది లీటర్లు. మా డబ్బుకి అది అందదు, ఎందుకంటే ముదురు రంగులు తెలుపు కన్నా ఖరీదు. షాపులో ముదురు షేడుకి వేరే బేస్ డబ్బా తీస్తారు, అందులో మిషను చుక్కలు చుక్కలుగా రంగు వదుల్తుంది, ఎంత ముదురు అడిగితే అంత వదుల్తుంది, అంత బిల్లు. అందుకని పైన తెల్ల డిస్టెంపరు, కింద నాలుగు అడుగుల పట్టీ మట్టుకు గోధుమ రంగు అనుకున్నాం. పట్టీకి 200 అడుగులు, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి చాలు. డీఎస్సీ చదివే అక్క ఈ లెక్కంతా పిల్లలచేత బోర్డు మీద చేయించింది.

గోధుమ రంగే ఎందుకు అంటే దానిమీద గొడవ లేదు. వానాకాలం మా దారి ఎలా ఉంటుందో కొండ మీద బతికేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్లలు వస్తారు, గోడకి చేరబడతారు, కాలు గోడకి ఆనిస్తారు. తెల్లగోడ వారం ఉండదు. కాబట్టి గోధుమ రంగు అని అందరం ఒక్క నిమిషంలో ఒప్పేసుకున్నాం. ఏ గోధుమ అనే దగ్గర ఆగిపోయాం.

పాలకొండలో రంగుల షాపుకి ముగ్గురం వెళ్ళాం. షాపు కుర్రాడు షేడు కార్డు విప్పాడు. దానిలో గోధుమలే రెండు పేజీలు! కాఫీ, చెక్క, తోలు, ఇటుక, ఇంకా ఏవేవో ఇంగ్లీషు పేర్లు. తిప్పి తిప్పి రెండు దగ్గర వేలు ఆగింది. ఒకటి ఎర్రమన్ను పూసిన గోడలాంటిది, గోధుమలో ఎరుపు కలిసినట్టు. రెండోది ముదురు చాక్లెట్. ఇంగ్లీషు పేర్లు మాకు నోరు తిరగలేదు. మొదటిదానికి 'మన్ను' అనీ, రెండోదానికి 'హాస్టల్' అనీ అక్కడే పేర్లు పెట్టేసుకున్నాం.

హాస్టల్ అని ఎందుకు పెట్టామో ఈ గ్రూపులో చాలామందికి చెప్పకుండానే తెలుసు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చదివినవాళ్ళం కదా. గోడకి కింద సగం ముదురు నూనె రంగు, పైన సున్నం, మధ్యలో ఒక గీత. మేము చదివిన చోట ఆ కింద సగం చాక్లెట్టే. మరక కనిపించకూడదని వేస్తారు. మరక మాయమవదు, కనపడదంతే.

అరచేతి సైజు కార్డు చూసి గోడ తేల్చలేం అని రెండిట్లోనూ లీటరు చొప్పున కలిపించుకొని వచ్చాం. డబ్బు దండగ అని ఇంటికొచ్చాక తిట్లు తిన్నాం. నిజమే, దండగే. కానీ ఆ పని చెయ్యకపోతే ఈ పోస్టు ఉండేది కాదు. పడమటి గోడ మీద రెండడుగులకి రెండడుగులు, పక్కపక్కన రెండు చదరాలు పూశాం. పది రోజులు అలాగే వదిలేశాం.

రంగు మాట ఎలా ఉన్నా వెలుగు సంగతి అప్పుడు నేర్చుకున్నాం. పొద్దున్న కిటికీలోంచి ఎండ పడితే మన్ను రంగు నిప్పులా వెలిగేది, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. హాస్టల్ రంగు ఎండని మింగేసి అలా కూర్చునేది. మబ్బు పట్టిన రోజు రెండూ దగ్గర దగ్గరగా కనిపించేవి. రాత్రి ఎల్‌ఈడీ లైటు వేస్తే తలకిందులయ్యేది. ఆ తెల్లటి వెలుగులో మన్ను రంగు చచ్చినట్టయిపోయింది, పాతబడిన ఇటుకలా. చాక్లెట్టేమో శుభ్రంగా, నిబ్బరంగా ఉంది. మేము చదివేది రాత్రిపూట. పొద్దున్న ఆ గదిలో ఉండేది బల్లులు.

అయినా మాలో నలుగురు మన్నువైపే. డిగ్రీ చదివే తమ్ముడైతే చాలా గట్టిగా ఉన్నాడు. వాడి మాట ఇదీ: "మన ఇళ్ళన్నీ స్కీములో సిమెంటు ఇళ్ళయిపోయాయి. నీలం, గులాబీ, పచ్చ, ఎవడికి ఏ డబ్బా చవగ్గా దొరికితే అది. ఎర్రమన్ను గోడ గూడలో మూడే మిగిలాయి. మన గదికైనా మన రంగు ఉండాలి కదా. దానిమీద తెల్లగా ఎడిసింగి గీయిద్దాం. చూసినవాళ్ళకి ఇది సవరల గది అని తెలియాలి." వినగానే అందరికీ ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, ఫొటో ఎలా వస్తుందో కూడా అప్పుడే అనుకున్నాం.

నర్సింగు చదివే అమ్మాయి ఒప్పుకోలేదు. "నాకు ఆరేళ్ళప్పుడు హాస్టల్లో దింపేసి మా అయ్య వెళ్ళిపోతే ఆ చాక్లెట్ గోడకే ఆనుకొని ఏడ్చాను. దానికే ఆనుకొని అ ఆ లు నేర్చుకున్నాను. తెలుగు రాదు, సవరలో మాట్లాడితే నవ్వేవారు, నాకున్నది ఆ గోడే. అది మీకు జైలు రంగులా కనిపిస్తే కనిపించనీ. నాకు చదువు రంగు అదే" అంది. దానికి తమ్ముడు ఒక మాట అన్నాడు. కాలేజీలో చేరిన కొత్తలో మా ఒంటి రంగు చూసి కొందరు 'చాక్లెట్' అని పిలిచేవారు, ఆ మాట గుర్తు చేసి, "ఆళ్ళు మనకి పెట్టిన పేరే గోడకి పూస్తావా?" అన్నాడు. అనకూడని మాట. ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది. మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరూ వీళ్ళే.

మన్ను రంగు చూస్తే ముసలోళ్ళు సంబరపడతారని మా నమ్మకం. తమ్ముడి మామ్మని పిలుచుకొచ్చాం. గూడలో మిగిలిన మూడు మట్టిగోడల్లో ఒకటి ఆవిడిదే. ఆవిడ రెండు చదరాలూ చూసింది, చేత్తో రాసి చూసింది, తరవాత మా మొహాలు చూసింది.

"డబ్బెట్టి మన్ను కొన్నారేటర్రా?"

మేము వివరంగా చెప్పబోయాం. ఆవిడ విన్లేదు. ఎర్రమన్ను గొయ్యి కొండవార ఎంత దూరమో, తట్ట నెత్తిన పెట్టుకొని ఎన్ని తిరుగుళ్ళు తిరగాలో, దాన్ని నానబెట్టి, రాళ్ళు ఏరి, పేడ కలిపి, పండగకీ పబ్బానికీ అలుకుతుంటే వేళ్ళు ఎలా పగిలేవో చెప్పింది. వాన జల్లు కొట్టినప్పుడల్లా కింద అడుగు మేర కరిగిపోయేదనీ, మళ్ళీ అలకాలనీ చెప్పింది. "నా బతుకంతా మన్నే పూసేను. సిమెంటు గోడ దొరికినాక కూడా మన్నే కావాలేటి మీకు? నల్లదే ఎయ్యండి, కడుక్కుంటే పోద్ది" అని వెళ్ళిపోయింది.

పోతూ పోతూ ఇంకో పని చేసింది. గుమ్మం దగ్గర వాన నీళ్ళలో తడిసిన ఎర్రమన్ను ఒక ముద్ద తీసి రెండు చదరాల మధ్య గోడకి అద్దింది. "ఇదీ మన మన్ను. దీన్లో మీది ఏదో చూసుకోండి" అంది. తడి మీద ఆ ముద్ద అచ్చం హాస్టల్ రంగులో ఉంది. మధ్యాహ్నానికి ఆరింది. ఆరాక మన్ను రంగుకి దగ్గరపడింది, కానీ అదీ కాదు. ఇంకా పాలిపోయి, దుమ్ము పట్టినట్టు, పేడ పచ్చదనం కొంచెం తగిలినట్టు. బీఈడీ అక్క సైన్సు చెప్పింది: మన్నులో ఎరుపంతా ఇనుము తుప్పుదేనట, నీళ్ళు పడితే వెలుగుని ఎక్కువ పట్టేసుకొని ముదురుగా కనిపిస్తుందట. సరే. మేము రెండు రంగులనుకొని కొట్టుకున్నది ఒక మన్ను పొద్దుటి రంగూ మధ్యాహ్నం రంగూ అని తెలిసినా, డబ్బా ఏది కొనాలో మాత్రం తేలలేదు.

మామ్మ మాటతో మన్నువైపు వాళ్ళు నలుగురిలోంచి ముగ్గురయ్యారు. ఇక ఎడిసింగి రాసే తాత దగ్గరికి వెళ్ళాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా సవరల ఇళ్ళలో ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, పుల్ల చివర నలగ్గొట్టి, రాసే బొమ్మలే ఎడిసింగి. ముందు చట్టం గీస్తారు. ఆ చట్టం ఒక ఇల్లు. దానిలోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఇంట్లో ఎవరికన్నా జబ్బు చేస్తేనో, చనిపోయినవాళ్ళు కల్లో కనపడితేనో, పంట పండగకో, ఎజ్జోడు చూసి చెప్తే రాస్తారు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి అది ఇల్లు. సరిహద్దుకి అవతల ఒడిశా సవరల గురించి వెరియర్ ఎల్విన్ రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. ఆయన తిరిగిన రోజుల్లోనే ఆ గోడల మీద రైళ్ళూ, సైకిళ్ళూ ఎక్కేశాయి. కాబట్టి ఇది మారకుండా పడున్న పాత వస్తువేం కాదు. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద రాసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. మన అన్నలక్కలు కొందరు దానిమీదే బతుకుతున్నారు, మంచిదే. ఆఫీసు గోడలకీ వేయిస్తున్నారు. గోధుమ రంగు కొట్టించి తెల్ల పెయింటుతో చేతులు పట్టుకున్న బొమ్మలు వేస్తే గిరిజన కళ అయిపోతుంది. నిజం చెప్పాలంటే మా తమ్ముడి మనసులో ఉన్నదీ దానికి మరీ దూరం కాదు.

తాత కర్ర ఊతంగా వచ్చాడు. మన్ను రంగు చదరం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన సవరలో మాట్లాడాడు, తెలుగులో పెడితే కొంత పోతుంది, అయినా పెడుతున్నాం. గోడకి గోరు ఆనించి, "ఇది నీళ్ళు తాగదు" అన్నాడు. నమ్మలేదని పిల్లలచేత బియ్యం నానబెట్టించి నూరించాడు. ఒక గుర్రాన్ని రాశాడు, చిన్నది, నాలుగు గీతల్లో. రంగు మీద పిండి నీళ్ళు కొంచెం జారాయి. సాయంత్రానికి గుర్రం ఆరింది. చిన్నపిల్ల ఒకతి ఊదితే తోక రాలిపోయింది.

అక్రిలిక్ తెలుపుతో వేస్తే నిలుస్తుంది తాతా అన్నాం. నిలుస్తుంది అని ఆయనా ఒప్పుకున్నాడు. తరవాత అడిగాడు:

"ఎవుల్ని పిలుస్తార్రా ఇందులోకి?"

మాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఎర్రగోడ పూశామంటే రాయడానికి పూశామని. రాశామంటే ఎవరినో పిలిచామని. పిలిచినవాళ్ళకి కల్లు పొయ్యాలి, కోడి కొయ్యాలి, ఏటేటా గుర్తు పెట్టుకోవాలి. "మీరు పరీక్షలకి పోతారు, పట్నం పోతారు. గదికి తాళమేస్తారు. ఆళ్ళకి కూడెవులెడతారు?" అన్నాడు. కోపంగా కాదు. అద్దె ఇంటి సంగతి మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"ఉత్తి అందానికి తాతా" అన్నాడు తమ్ముడు. గొంతు తగ్గింది.

"అందానికైతే పువ్వులు రాయి."

ఇక్కడ ఒక మాట గమనించండి. మా సవరలో బొమ్మ గీయడానికీ అక్షరం రాయడానికీ మాట ఒక్కటే. అందుకే తాత 'రాయడం' అన్నప్పుడల్లా మాలో ఇంటర్ పిల్లలు రాతపని గురించి అనుకున్నారు. వాళ్ళలో ఒకడు అమాయకంగా, "మేము రోజూ రాస్తాం తాతా, నోట్సు" అన్నాడు. తాత నవ్వాడు. ఆ నోట్సు తెచ్చి చూపించమన్నాడు. ఫిజిక్సు నోట్సు. కాగితాలు తిప్పుతూ బొమ్మల దగ్గర ఆగాడు, కటకాలూ, కిరణాలూ. "ఇవి ఎవుల్ని పిలుస్తాయి?" అన్నాడు. మేమెవరం మాట్లాడలేదు. ఆయన ఆట పట్టించాడో, నిజంగానే అడిగాడో మాకు తెలీదు. మొదట్లో చెప్పిన ప్రశ్న ఇదే. ఈ గ్రూపులో ఎవరికన్నా తోస్తే చెప్పండి.

ఆ రాత్రి ఏడుగురం కూర్చున్నాం. గూడకి ఏదో ఒక గుర్తు ఉండాలన్న తమ్ముడి బాధ మాకు అర్థం కాక కాదు. గిడుగు రామమూర్తి గారు మా భాషకి వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో ఇచ్చారు. 1936లో సరిహద్దు అవతల మంగై గొమాంగో సొరా సొంపెంగ్ లిపి తయారుచేశారు. మా చెల్లెళ్ళు బడిలో చదివిన సవర వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా మాలో సవరలో ఒక పేజీ రాయగలిగినవాళ్ళు ఇద్దరే. అందుకే గోడ మీదైనా కనిపించాలని ఆరాటం. ఆ ఆరాటం తప్పని మేము అనుకోవడం లేదు. కానీ తాత చెప్పింది విన్నాక, తెలిసి తెలిసి ఖాళీ ఇల్లు కట్టి తాళం వేసినట్టు ఉంటుంది అనిపించింది. అది మాలో నలుగురికి. ముగ్గురికి అనిపించలేదు. "తాత కాలం వేరు, ఎల్విన్ చూసిన గోడ మీదికి రైలు ఎక్కగా లేనిది మన గదిలోకి బొమ్మలు రాకూడదా" అని వాళ్ళ వాదన. అదీ కొట్టిపారేసే వాదన కాదు. చేతులెత్తితే నాలుగు, మూడు. హాస్టల్ రంగు గెలిచింది.

చాక్లెట్ నాలుగు లీటర్ల డబ్బా తెచ్చాం. ఒక సంగతి రాసి పెట్టుకోండి, పనికొస్తుంది: ముందు తెచ్చిన లీటరు డబ్బా, తరవాత తెచ్చిన పెద్ద డబ్బా ఒకటే నంబరు షేడు అయినా గోడ మీద తేడా వచ్చింది. రెండూ ఒక బకెట్లో పోసి కలుపుకోవాలట, మాకు పని సగం అయ్యాక ఒకాయన చెప్పాడు. కిటికీ కింద ఒక మూల కొంచెం ఎర్రగా ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. నర్సింగు అమ్మాయి వచ్చి బ్రష్షు పట్టింది, కానీ తమ్ముడు ఉన్న గోడవైపు రాలేదు. తమ్ముడూ వచ్చాడు. ఓడిపోయానని ఇంట్లో కూర్చోలేదు, అది వాడి మంచితనం. పైన తెల్ల డిస్టెంపరు, కింద చాక్లెట్, మధ్యలో గీత దారం పట్టి కొట్టాం. దూరం నుంచి చూస్తే అచ్చం హాస్టలే. కొంతమందికి కడుపులో తిప్పినట్టయ్యింది, కొంతమందికి హాయిగా అనిపించింది. పిల్లలకి మాత్రం వేరే ఉపయోగం దొరికింది. ముదురు గోడ మీద సుద్దముక్క బాగా పడుతోంది. వారం తిరక్కుండానే కింద రెండడుగుల మేర ఎక్కాలు, పేర్లు, ఒక బస్సు, తాత గుర్రం లాంటి గుర్రం. తడిగుడ్డ పెడితే పోతాయి, మళ్ళీ రాస్తారు.

తాత నిన్న అటుగా వెళ్తూ తలుపు దగ్గర ఆగి ఆ సుద్ద గుర్రాన్ని చూశాడు. కాళ్ళు తప్పు అన్నాడు. పిల్లలు చెరిపేసి మళ్ళీ వేశారు.

ఇంకా మన్ను రంగు డబ్బాలో ముప్పావు లీటరు మిగిలిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలీక గది మూల పెట్టాం. మొన్న ఆదివారం మామ్మే వచ్చి అడిగింది. "ఆ మన్ను డబ్బా పారెయ్యకండి. నా అరుగుకి పూసి పెట్టండి. ఈ కందికొత్తకి నాను అలకలేను."

మట్టి అరుగు మీద ఈ రంగు నిలవదు మామ్మా, పెచ్చులు ఊడిపోతుంది అని చెప్పాం.

"పండగ మూడ్రోజులు నిలిస్తే సాలు" అంది.

తమ్ముడు బ్రష్షు కడుగుతున్నాడు. వచ్చే వారం పూస్తాం.